సవరం

సుబూరాలో రొట్టెల బట్టీవాడి కూతురికి
పెళ్ళికొప్పు వేసి వస్తున్నాను.
ఈటెమొనతో పాపిడి, ఆరు పాయలు, ఉన్ని తాళ్ళు.
కూలి కింద ఒక దీనారం పెట్టాడు అరచేతిలో,
కొత్తది, అంచు ఇంకా గీరుకుంటోంది.

మెట్ల మీద కూలబడి ఎండకేసి తిప్పాను.
ఆవిడే.
నా దొరసాని.

ముక్కు కాస్త సరిచేశారు.
గడ్డం కింద మడత తీసేశారు.
చచ్చిపోతే దేవతని చేస్తారని తెలుసు గానీ
ఇంత తీరిగ్గా అందగత్తెని కూడా చేస్తారనుకోలేదు.
చుట్టూ అక్షరాలు. నాకు చదువు రాదు.
మేడమీది గుమాస్తా గోరు పెట్టి చూపించాడు:
ఇదిగో ‘దివ్య’, ఇక్కణ్ణించి ఆవిడ పేరు,
వెనక తోక విప్పిన నెమలి,
దాని చుట్టూ ‘శాశ్వతం’ అని.

నేను చదవగలిగింది కొప్పు ఒక్కటే.
నడినెత్తిన మూడు చుట్లు,
కణతల నుంచి వెనక్కి లాగిన సన్నజడలు,
వాటి మీదుగా ముత్యాల పేట.
చెవి పైన ఒక పాయ ఎక్కువ చెక్కాడు ఆ మహానుభావుడు.
అక్కడ ఎప్పుడూ నాలుగే. ఐదు వేస్తే
పట్టేసి, దొరసాని కొప్పుసూది పెరికేది.
ఇదిగో ఈ మోచేతి మీద మూడు చుక్కలు.
వానలు పడితే దురద.

చితి అంటించిన రోజు నేనూ ఉన్నాను, జనం వెనకాల,
ఒక గాడిదబండి చక్రం మీద నిలబడి.
నెమలి ఎగిరిందన్నారు.
నాకు కనిపించింది పొగ.
కరిగిన మైనం, దాల్చినచెక్క, ఏదో కొవ్వు.
కాలిన జుట్టు వాసన నా ముక్కుకి కొత్త కాదు,
రోజూ ఇనప కడ్డీలు కాచినదాన్ని.
వెతికాను. రాలేదు.

ఎలా వస్తుంది?
ముప్పై దాటకముందే ఊడిపోయింది ఆవిడ జుట్టు.
దువ్వెనకి వచ్చింది వచ్చినట్టు ఉండచుట్టి
నడికట్టులో దాచేదాన్ని, అద్దంలో చూస్తుందేమోనని.
నడినెత్తిన రాగికాసంత నున్నన.
ఆ సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే,
ఒకరు దేవతయ్యారు.

కొప్పంతా సవరం.

రైన్ నది అవతల నుంచి తెచ్చారు ఆ పిల్లని,
పన్నెండేళ్ళుంటాయేమో. ఫ్లావా అని పిలిచేవాళ్ళం,
పసుపుపచ్చ పిల్ల అని.
తను చెప్పుకున్న పేరు మా నాలుకలకి తిరగలేదు.
నిజం చెప్పాలంటే, తిప్పడానికి ఎవరూ చూడలేదు.
కత్తెర పట్టింది నేనే.
ఏడవలేదు. ఖాళీ అయిన మెడ మీద
చెయ్యి పెట్టి చూసుకుంది,
ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని తలుపు తట్టినట్టు.
ఆ జుట్టుని వారం రోజులు
అక్రోటు తొక్కల నీళ్ళలో నానేశాను.
దొరసాని రంగు వచ్చింది.
పిల్లని ఓస్టియాలో ఎవరికో అమ్మేశారు ఆ చలికాలం,
బోడితలతో చూడబుద్ధి కావడం లేదని.

ఇప్పుడు ఫోరంలో ఆవిడ గుడికి స్తంభాలెత్తుతున్నారు.
సిపాయి జీతంలో ఆవిడ, జూదగాడి గుప్పిట్లో ఆవిడ,
నది దాటి ఆ పిల్ల ఊరికి కూడా వెళ్తుందేమో,
తేనెకో తోళ్ళకో బదులుగా.
అక్కడ ఒక తల్లి వెండిని చూస్తుంది.
కొప్పుని ఎందుకు చూస్తుంది?

రేపు కట్టెలవాడికి ఇచ్చేస్తాను దీన్ని.
పళ్ళ మధ్య కొరికి, చెల్లుతుంది లే అంటాడు.

చితికి అలంకరించేటప్పుడు, దేవతలకెందుకని,
సవరం విప్పి నేనే తెచ్చేసుకున్నాను.
ఎవరూ అడగలేదు. తలమీద ముసుగు వేశారుగా.
మంచం కింద పెట్టెలో ఉంది.
రాత్రి దీపం దగ్గర పెట్టుకుని చూశాను:
అక్రోటు రంగు వెలిసిపోతోంది,
చివళ్ళ నుంచి పైకి,
పసుపు.